కిరిసావా కనుమలో వెనుదిరిగిన జిజో స్వామి

జపాన్ దేశపు షికోకు దీవి నడుమ, కొండలు ఒకదానినొకటి తోసుకుంటూ నిలబడినట్లుండే చోట కిరిసావా అనే లోయ ఉంది. బస్సు దిగి రాతిమెట్ల దారిలో అరగంట ఎక్కితే కనుమ వస్తుంది. అక్కడ నుంచి చూస్తే కింద మెట్లు మెట్లుగా టీ తోటలు, గడ్డికప్పుల ఇళ్ళు, వాటి మధ్య సన్నని వాగు కనిపిస్తాయి. కనుమ మీద దేవదారు చెక్కతో కట్టిన చిన్న మందిరంలో జిజో స్వామి కొలువై ఉన్నాడు. సంస్కృత గ్రంథాలు క్షితిగర్భ బోధిసత్త్వుడని చెప్పే స్వామినే జపానువారు జిజో అంటారు. బాటసారులకూ, పసిపిల్లలకూ ఆయనే దిక్కు.

మోకాలెత్తు రాతి విగ్రహం, గుండు తల, మెడలో ఎర్రగుడ్డ. అయితే మెట్లెక్కి వచ్చిన భక్తులకు కనిపించేది స్వామి వీపు మాత్రమే. ఇంత దూరం వచ్చీ ముఖదర్శనం కాలేదని విసుక్కునేవారు నేటికీ ఉన్నారు. వారికి మందిర సేవకులు చెప్పే సమాధానం ఒక్కటే: "స్వామివారు పనిలో ఉన్నారు."

పూర్వం ఈ కనుమ మీద ఓసెన్ అనే స్త్రీ ఉండేది. బొగ్గుబట్టీ నడిపే భర్త చనిపోయాక, ఆమె కనుమ దాటే బాటసారులకు టీ కాచి ఇస్తూ, కొర్రపిండి ఉండలు కాల్చి పెడుతూ బతికేది. స్వామి విగ్రహాన్ని తుడవడం, ఎర్రగుడ్డ మార్చడం కూడా ఆమె పనే. ఆ కాలంలో స్వామి అందరు దేవుళ్ళలాగే బాటవైపు చూస్తూ ఉండేవాడు. ఓసెన్‌కు అరవై దాటాయి. మోకాళ్ళ నొప్పి, ముక్కుమీద కోపం. ఒంటరిగా ఉండడం ఆమెకు ఇష్టం.

అటువంటి రోజుల్లో ఒక ఏడాది సముద్రం పొంగి, తీరాన ఉన్న ఒక జాలరి ఊరిని తుడిచిపెట్టింది. మిగిలిన ముప్పై కుటుంబాలను ఆ ప్రాంతపు ప్రభువు కిరిసావా లోయకు తరలించాడు. వలలు లాగిన చేతులు గునపాలు పట్టాయి. పొద్దు పొడవక ముందే పెద్దలంతా వాలులో రాళ్ళు పేర్చి మళ్ళు కట్టడానికి పోయేవారు. పిల్లలు వాళ్ళ ఇష్టం వచ్చినచోట తిరిగేవారు. కొండను ఎన్నడూ చూడని పిల్లలు వాళ్ళు.

మొదటి నెలలోనే ఏడుగురు తప్పిపోయారు. ప్రతిసారీ ఎవరో ఒక తల్లి ఏడుస్తూ కనుమకు పరుగెత్తుకొచ్చేది. దారులు తెలిసిన మనిషి ఓసెన్ ఒక్కతే. ఆమె పొయ్యి కప్పెట్టి, కర్ర తీసుకుని, గొణుక్కుంటూ దిగేది. చిత్రమేమిటంటే ఏ పిల్ల తప్పిపోయినా, ఏ పిల్లవాడు తప్పిపోయినా దొరికేది ఒకే చోట. వాగు రెండు బండల మధ్య ఇరుకై, హోరుమంటూ పాతాళంలోకి దూకే తొదొరొకి గండి అంచున. పాచి పట్టిన రాళ్ళు. కాలు జారితే ఇక మనిషి దక్కడు.

"ఇంత లోయ ఉండగా ఆ గండి ఒక్కటే దొరికిందా మీకు?" అని ఆమె కేకలు వేసేది. పిల్లలు ముక్కు తుడుచుకుంటూ తల దించుకునేవారు. నాలుగు రోజులకు మరొకరు అక్కడే దొరికేవారు.

ఓసెన్ విసిగిపోయి ఊరిపెద్ద గెంబెయి దగ్గరకు వెళ్ళింది. "పిల్లలను వెంటబెట్టుకుని చోటు చూపించండయ్యా" అంది.

"మాకు తెలిస్తే కదా ఓసెన్ గారూ చూపించడానికి! మొన్న నేనే దారి తప్పి పక్క లోయలో తేలాను" అన్నాడు గెంబెయి. పాపం ఆయన మంచివాడే. ఆ రోజే గండి దగ్గర, 'ఇటు రాకూడదు' అని రాసి ఒక చెక్కపలక పాతించాడు. పిల్లల్లో ఒక్కరికీ చదువు రాదు. మూడోనాటికి వాళ్ళు ఆ పలకను ఊడబెరికి, దాని మీద కూర్చుని బురదవాలులో జారుతుండగా ఓసెన్ కళ్ళారా చూసింది.

తొమ్మిదోసారి ఒక పిల్లను వెతికి తెచ్చి అప్పగించి పైకి వచ్చేసరికి, పొయ్యి మీద మరిచిపోయిన కెటిల్ నీళ్ళన్నీ ఇగిరి అడుగు పగిలి ఉంది. ఆమె ఓపిక అక్కడితో అయిపోయింది. నేరుగా స్వామి ఎదుటకు వెళ్ళింది.

"పిల్లల దేవుడివని నీకు పేరు. గుడ్డలు నీకు, ఉండలు నీకు. కొండలెక్కి దిగడం మాత్రం నాకు! నీ పని నేనెన్నాళ్ళు చేయాలి?" అని కసిరి, మందిరం స్తంభానికి చేరగిలబడింది. మిట్టమధ్యాహ్నపు ఎండ వెచ్చగా ఉంది. కన్ను అంటుకుంది.

కలలో స్వామి మెడ పట్టేసినవాడిలా మెడ రుద్దుకుంటూ కనిపించాడు. ఆయన ముఖంలోనూ ఆమె ముఖంలో ఉన్నంత విసుగు ఉంది.

"నన్ను తిడతావేం? బాటవైపు నిలబెట్టింది మీ పెద్దలు. వచ్చేపోయేవారి చెప్పులు తప్ప నాకేం కనబడతాయి? వీపు వెనక పసివాళ్ళు ఏడుస్తుంటే వినడమే గాని, ఎవరు ఎక్కడున్నారో నాకేం తెలుసు? నన్ను లోయవైపు తిప్పు. ఏది ఏమిటో చెప్పు."

"నేనా చెప్పేది?"

"మరెవరు? ఇక్కడ అన్నీ తెలిసినదానివి నువ్వొక్కతెవే. తెలిసినదంతా కడుపులో పెట్టుకుని, నోరు మాత్రం తిట్టడానికే తెరుస్తావు."

మెలకువ వచ్చాక కూడా ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. భర్త వాడిన ఇనుపగడ్డపార తెచ్చి విగ్రహాన్ని కదపడం మొదలుపెట్టింది. గెంబెయి పరుగున వచ్చి, దేవుడు జనానికి వీపు చూపితే అరిష్టమన్నాడు. "అరిష్టం నెల రోజులుగా జరుగుతూనే ఉంది. అడ్డం లేవండి" అందామె. పొద్దు వాలేసరికి స్వామి లోయవైపు తిరిగాడు. ఓసెన్ సిగ్గుపడుతూనే కర్ర చాచి, "అది ఎలుగుకొండ, అది వానకొండ, అది మా బట్టీ ఉన్న వాలు" అంటూ అన్నీ చెప్పింది.

మూడోరోజున లోయంతా పొగమంచు కమ్మింది. జాలరి కుటుంబపు నామి అనే ఆరేళ్ళ పిల్ల కనిపించలేదు. ఆ పిల్ల తప్పిపోవడం అది మూడోసారి. ఓసెన్ ఎవరినీ ఏమీ అడగకుండా గండికే పోయింది. నామి పాచిరాతి అంచున ఒక చెట్టువేరు పట్టుకుని కూర్చుని ఉంది. ఓసెన్ ఆ పిల్ల మెడపట్టి వెనక్కు లాగి, తానూ అక్కడే కూలబడింది.

"ఇన్నిసార్లు చెప్పానే! ఎందుకొస్తావే ఇక్కడికి?"

ఆ ప్రశ్న ఆమె ఎన్నోసార్లు వేసింది గాని జవాబు కోసం ఆగడం అదే మొదలు.

"దారి తప్పితే నీళ్ళ హోరు వినబడేవైపు నడవమని మా నాన్నమ్మ చెప్పింది. అక్కడ ఇల్లుంటుందని" అంది నామి.

"ఎక్కడుంది మీ నాన్నమ్మ?"

"సముద్రంలో పోయింది."

తీరంలో పుట్టిన పిల్లలకు అలల హోరే ఇంటి గుర్తు. ఇన్నాళ్ళూ వాళ్ళు పెద్దల మాట వినడం లేదని ఆమె తిట్టింది. వాళ్ళు పెద్దల మాట విన్నందువల్లే గండి దాకా వచ్చారు.

మర్నాడు పొయ్యి వెలిగించలేదు. పదకొండు మంది పిల్లలను వెంటబెట్టుకుని ఉదయమే లోయ చూపించడానికి బయలుదేరింది. అంత కష్టమైన రోజు ఆమె జన్మలో లేదు. ఒకడికి ఆకలి, ఒకతెకు చెప్పు తెగింది, ఇద్దరు జలగలకు భయపడి చెట్టెక్కి దిగేది లేదన్నారు. "అవ్వా, ఆ కొండకు ఆ పేరెందుకు? అవ్వా, వాన ఎక్కడ పుడుతుంది? అవ్వా, నీకెందుకు పళ్ళు లేవు?" అని ఒకటే గోల. "నోరు నొప్పి పుట్టదా మీకు?" అంటూనే అన్నిటికీ జవాబు చెప్పింది. మబ్బు వానకొండ మీద కూర్చుంటే గంటలో తడుస్తారని చెప్పింది. బొగ్గు పొగ వాసన వచ్చేవైపు మనుషులుంటారని చెప్పింది. గండికి దూరంగా అందరినీ నిలబెట్టి, కళ్ళు మూయించి, హోరు వినిపించింది.

"ఇది సముద్రం కాదు. గొంతు మాత్రం అలాగే ఉంటుంది. దీని దగ్గర ఎవరి ఇల్లూ లేదు. ఈ గొంతు వినబడితే వీపు తిప్పి పైకి నడవండి."

చివరికి కనుమ కింద ఉన్న నల్లబండ దగ్గరకు తీసుకెళ్ళింది. అది పలికే బండ. ఎవరు అరిచినా తిరిగి పలుకుతుంది. అక్కడ ఒక్కొక్కరిచేత పేరు చెప్పించింది. బండ ప్రతి పేరునూ తిరిగి పిలిచింది.

"దానికి నా పేరెలా తెలుసు?" అంది నామి.

"నువ్వేగా చెప్పావు. ఇంతవరకు నువ్వెవరో దానికి తెలియదు, అదేమిటో నీకు తెలియదు. ఇప్పుడు సరిపోయింది. పద, నాకు కాళ్ళు పీకుతున్నాయి."

ఆ శరదృతువులో ఆ పదకొండు మందీ అడవిలో చెస్ట్‌నట్ కాయలు ఏరుతుండగా, ఎదుట మనిషి కనబడనంత మంచు దిగింది. పెద్దలు తాళ్ళు పట్టుకుని గండికి పరుగెత్తారు. మోకాలు వాచి కదలలేని ఓసెన్ స్వామి పక్కన కూలబడి, "అడిగినట్లు తిప్పాను కదా! చూడు మరి, ఇప్పుడు చూడు!" అని ఆయన మీద మండిపడింది. అరగంట గడిచింది. మంచులోంచి సన్నగా ఒక పేరు వినిపించింది. బండ దాన్ని తిరిగి పలికింది. తర్వాత మరో పేరు. బండ ఎటు పలికితే అటు అడుగు వేస్తూ, ఒకరి నడికట్టు ఒకరు పట్టుకుని వరుసగా, పిల్లలు కనుమకు ఎక్కి వచ్చారు. అందరికన్నా ముందు నామి, ఒడి నిండా కాయలతో.

"గండి పిలిచింది అవ్వా. మేం వీపు తిప్పాం" అంది.

ఓసెన్ తలలు రెండుసార్లు లెక్కపెట్టింది. "ఇంతసేపా రావడానికి? తడిసి ముద్దయ్యారు, ఇప్పుడు మీకు జ్వరాలొస్తే ఎవరు చేస్తారు?" అని తిట్టింది. పొగ కళ్ళలో పడిందని చెప్పి పొయ్యివైపు తిరిగింది. గండి నుంచి ఉత్తచేతులతో, పాలిపోయిన ముఖాలతో పైకి వచ్చిన తల్లిదండ్రులకు, టీ తాగుతూ కాయలు ఒలుచుకుంటున్న పిల్లలు కనిపించారు. గెంబెయి స్వామి వీపుకు నుదురు ఆనించి మొక్కాడు. నాటి నుండి ఈ క్షేత్రంలో నమస్కారం స్వామి వీపుకే.

ఇప్పటికీ ప్రతి వసంతంలో కొండంతా ఎర్రపూలు పూసినప్పుడు, ఏడేళ్ళు నిండిన పిల్లలనూ, లోయకు కొత్తగా వచ్చి చేరిన పిల్లలనూ లోయంతా తిప్పుతారు. నడవగలిగిన స్త్రీలలో అందరికన్నా పెద్దావిడ ముందు నడవాలి. ఆమె దారి పొడవునా విసుక్కోవచ్చు, కానీ పిల్లల ప్రశ్న ఒక్కటీ వదలకూడదు. తెలియకపోతే తెలియదని చెప్పాలి. చివరికి నల్లబండ దగ్గర పిల్లలు తమ పేర్లు చెబుతారు. బండ పలికిన పేరుగల బిడ్డను స్వామి ఎంత మంచులోనైనా గుర్తుపడతాడనీ, దారి చూపుతాడనీ ఇక్కడివారి విశ్వాసం. పిల్లలతో వచ్చే భక్తులు కూడా ఆ రోజు ఈ నడకలో పాల్గొనవచ్చు.

పోయిన వసంతంలో లోయలో ఏడేళ్ళు నిండినవారు ఇద్దరే. ఎనభై నాలుగేళ్ళ కినుయే అవ్వ, ఇద్దరి కోసం ఇంత దూరం నడిపిస్తారా అని మొదటి మెట్టు నుంచి గొణుగుతూనే ఉంది. సాయంత్రం దాకా నడిచింది. ఒక్క కొండ పేరూ వదలలేదు.