మైలడు చూడని ఆట

కాలవ దాటాక, ఇటుకబట్టీకి ఎడంగా ఉన్న బీడులో ఒక డేరా సినిమాహాలు ఉండేది. ముందువైపు టిక్కెట్టు కొన్న మనుషులు కూర్చుంటే, వెనకవైపు టిక్కెట్టు లేని జీవాలు చేరేవి. తెర వెనక డేరా గుడ్డ ఏనాడో చిరిగిపోయింది, కుట్టించినవాడు లేడు. తెర పల్చటి తెల్లగుడ్డ కావడంతో బొమ్మ అటూ ఇటూ కూడా పడేది. కాకపోతే వెనకనుంచి చూస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఆ సంగతి ఒక్క జీవానికీ తెలీదు. హీరో ఎడంచేత్తో అన్నం కలిపేవాడు, హీరోయిన్ కుడి భుజంమీద పైట వేసేది, పెళ్లికొడుకు ఎడంచేత్తో తలంబ్రాలు పోసేవాడు. పోనీలే, సినిమావాళ్లంతా పుట్టుకతోనే ఎడంచేతివాటం వాళ్లు కాబోలని అవన్నీ ఏకగ్రీవంగా తీర్మానించేసుకున్నాయి.

పొద్దున్నే సోడాకొట్టు వెనక నీళ్లతొట్టి దగ్గర చేరి, చూసినవాళ్లు చూడనివాళ్లకి సినిమా సంగతులు చెప్పుకోవడం అక్కడి ఆనవాయితీ. గాడిద గవరయ్య అన్ని సినిమాలకీ ఏడ్చేవాడు, ఏడ్చానని సిగ్గుపడకుండా చెప్పేవాడు. మేక సింగారమ్మ అసలు సినిమా చూసేది కాదు, గోడమీద పోస్టరు తినేది. “నేను చూళ్లేదమ్మా, తిన్నానంతే” అని ముందే ఒప్పుకుని, మైదాపిండి తాజాగా ఉందో పులిసిందో చెప్పి ఊరుకునేది. ఎవరి మాట వాళ్లది, ఎవరి రుచి వాళ్లది. హాయిగా గడిచిపోయేది.

అలాంటి చోటికి పానకాలు అనే నక్క వచ్చింది. వస్తూనే బట్టీవాళ్లు పోసిన బూడిదకుప్ప ఎక్కి కూర్చుంది. మొదటిరోజే గవరయ్య మెచ్చుకున్న సినిమాని చీల్చి చెండాడింది. కథలో పస లేదంది, పాటలు పాత చింతకాయ పచ్చడంది, అలాంటిదానికి ఏడ్చేవాళ్ల తెలివిని చూసి తనకే ఏడుపొస్తోందంది. అందరూ నవ్వారు. గవరయ్య చెవులు వాల్చేశాడు. ఆ రోజునుంచి పానకాలు కాస్తా పానకాలు గారయ్యాడు. హాలు ఊడ్చినప్పుడు బయటపడే మురుకుల్లో మొదటి మురుకు ఆయనగారికే. ఆయన ఛీ అన్న సినిమాని బాగుందనడానికి ఎవరికీ నోరు పెగిలేది కాదు.

ఇక్కడ నాకు ఒళ్లు మండే సంగతి ఒకటుంది, చెప్పేస్తాను. ఆ పానకాలు జన్మలో ఒక్క సినిమా చూసినవాడు కాడు! ఆట మొదలై జనమంతా హాల్లో ఉన్నప్పుడు వాడు ఊళ్లో పెరళ్లు తిరిగి కోళ్లగంపలు ఎత్తిచూసేవాడు. పొద్దున్నే వచ్చి, దారిలో కనిపించిన పోస్టరుని బట్టి నోటికొచ్చింది చెప్పేవాడు. బాగుందని ఎవడైనా అంటాడు, బాగోలేదంటేనే పెద్దరికం అన్నది వాడు కనిపెట్టిన కిటుకు. ఆ కిటుకు ఎంతకాలం పనిచేసిందో తల్చుకుంటే ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

మైలడని ఒక ఎద్దు ఉండేవాడు. హాలువాళ్ల ప్రచారం బండి లాగడం వాడి పని. వెనక తడికకి పోస్టరు అంటించి, పైన మైకు కట్టి, చుట్టూ పన్నెండు ఊళ్లు తిప్పేవాళ్లు. ఊరందరినీ సినిమాకి రమ్మని పిలిచే బండిని లాగే మైలడికి మాత్రం సినిమా చూసే వీలు వారానికి ఒక్కసారే, గురువారం సాయంత్రం మొదటాటకి. మిగతా రోజుల్లో బండి తిరిగొచ్చేసరికి బాగా పొద్దుపోయేది. శుక్రవారం బొమ్మ మారిపోతుంది, రీళ్ల పెట్టె బస్సెక్కి ఇంకో ఊరు వెళ్లిపోతుంది. ఆ ఒక్క పూటా కూడా, దెబ్బతిన్న మోకాలితో మూడు గంటలు నిలబడాలి. అందుకే ఏ సినిమాకి నిలబడాలో, ఏ సినిమాకి పడుకోవాలో తొట్టి దగ్గర అడిగి తెలుసుకునేవాడు.

ఒకప్పుడు అది జంటెద్దుల బండి. మైలడి పక్కన కర్రోడు ఉండేవాడు. నల్లటి ఒళ్లు, నుదుట తెల్లమచ్చ, ఎడమ కొమ్ము చివర విరిగి ఉండేది. ఆరేళ్లు ఒకే కాడి మోశారు, ఒకే తొట్టిలో కుడితి తాగారు. రెండేళ్లకిందట కాలవగట్టుమీద షూటింగుకని ఒక కంపెనీ దిగింది. కర్రోడి రంగు వాళ్లకి నచ్చింది. షూటింగయిపోయాక లారీ ఎక్కించుకుని పట్టుకుపోయారు. వాడు ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో కూడా మైలడికి కబురు లేదు.

ఆ వారం వచ్చిన సినిమా పేరు ‘గట్టుమీద గోపన్న’. మన కాలవగట్టున తీసిన చిత్రం, తప్పక చూడండి అని శుక్రవారంనుంచీ మైకు మొత్తుకుంటోంది. ఆ మాట చెవినపడ్డప్పుడల్లా మైలడి గుండె జల్లుమనేది. బుధవారం పొద్దున తొట్టి దగ్గరకొచ్చి, పానకాలు ముందు తల వంచి అడిగాడు.

“పానకాలు గారూ, ఆ సినిమాలో నల్లెద్దు ఏదైనా ఉందాండీ?”

నక్క ఆవులించింది.

“ఎద్దూ లేదు, ఎముకా లేదు. ఆ సీన్లన్నీ కత్తిరించేశారు. మొదటి సగం నిద్ర, రెండో సగం తలనొప్పి. నా మాట విని హాయిగా పడుకోవోయ్ మైలా.”

గవరయ్య అక్కడే ఉన్నాడు. ఏదో చెప్పబోయి పానకాలు మొహం చూసి మింగేశాడు. మైలడు గురువారం సాయంత్రం కొట్టంలోనే పడుకున్నాడు. వెళ్లి, కర్రోడు కనిపించకపోతే ఆ బాధ మోకాలినొప్పికంటే పెద్దదవుతుందని వాడి భయం. తెరమీది పాటలు కొట్టందాకా వినబడుతూనే ఉన్నాయి. వాడు చెవులు ఆడించుకుంటూ కళ్లు మూసుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే పెట్టె బస్సెక్కింది. అది వెళ్లిపోయాక గవరయ్యకి ధైర్యం వచ్చింది. పక్కకి పిలిచి, ఎవరితోనూ అనొద్దు బావా అంటూ మొదలుపెట్టాడు. నిజానికి ఆ సినిమాకి తను మూడు రోజులు వరసగా వెళ్లాడట, మూడు రోజులూ ఏడ్చాడట. అందులో ఒక నల్లెద్దు బురదలో దిగబడిన బండిని లాగుతుందట. రెండుసార్లు మోకాళ్లమీద పడి, మూడోసారి ముక్కు నాక్కుని, తల ఒక్కసారి విదిలించి లేస్తుందట. పాట మొత్తం ఆ ఎద్దుమీదే నడుస్తుందట. నుదుట తెల్లమచ్చట.

మైలడు ఒక్క అడుగు ముందుకేశాడు. ముక్కు నాక్కుని తల విదిలించి లేచేది కర్రోడొక్కడే.

“కొమ్ము? కొమ్ము ఎలా ఉంది గవరయ్యా?”

“కుడి కొమ్ము చివర విరిగి ఉంది బావా.”

మైలడు నీరుగారిపోయాడు. కర్రోడిది ఎడమ కొమ్ము కదా. ఇంతలో బండి కట్టారు. పన్నెండు ఊళ్లు తిరుగుతున్నంతసేపూ వాడి బుర్రలో ఆ కొమ్మే తిరిగింది. మచ్చ కలిసింది, రంగు కలిసింది, లేచే తీరు కలిసింది, కొమ్ము ఒక్కటే కలవలేదు. అయిదో ఊరు దాటాక షూటింగు రోజులు జ్ఞాపకం వచ్చాయి. ఆ హీరో కాలవగట్టున తనకి బారెడు దూరంలో కూర్చుని భోంచేశాడు. కుడిచేత్తోనే తిన్నాడు. అదే మనిషి తెర వెనకనుంచి చూస్తే ఎడంచేత్తో ఎందుకు తింటాడు? అంటే సినిమావాళ్లది ఎడంచేతివాటం కాదు. తాము చూసే వైపే తిరకాసు. తెర వెనక కుడి కొమ్మంటే అసలుకి ఎడమ కొమ్మే.

వాడు కర్రోడే. నాలుగడుగుల దూరంలో, అంతెత్తున, వారంరోజులు రోజూ రెండాటలు ఆడాడు. చూడకుండా పడుకున్నది తనే.

ఆ రాత్రి మైలడు గడ్డి ముట్టలేదు. వాడికి దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. ఎన్ని కర్రదెబ్బలు తిన్నా రాని కోపం. చూసి బాగోలేదంటే బాధ లేదు, అది వాడి ఇష్టం. చూడలేదంటే చూడలేదని చెప్పొచ్చు, సింగారమ్మ చెప్పట్లేదూ? లేనిది కల్పించి, కత్తిరించేశారని ఒట్టి అబద్ధమాడి, తన ఒక్క పూటనీ బూడిదకుప్పమీద కూర్చుని చిదిమేశాడు.

శనివారం పొద్దున తొట్టి దగ్గర అందరూ చేరారు. పానకాలు మురుకు నముల్తూ కొత్త సినిమాని ఉతికి ఆరేస్తున్నాడు. మైలడు మెల్లిగా వచ్చి, గొంతు ఏమాత్రం పెంచకుండా, పోయినవారం సినిమాలో నల్లెద్దు ఉందని అందరూ అనుకుంటున్నారని, పానకాలు గారికి ఆ సమయానికి కునుకు పట్టిందేమోనని అన్నాడు.

అందరూ నక్క వంక చూశారు. కునుకు పట్టిందంటే పెద్దరికం పోతుంది. పానకాలు గొంతు సవరించుకున్నాడు. తనకి కునుకా? ఆ ఎద్దుని కళ్లారా చూశానన్నాడు. పాత స్నేహితుణ్ణి చూసి మైలడు కుమిలిపోతాడని, జాలిపడి దాచానన్నాడు. కొందరు పాపం అన్నారు కూడా. అక్కడితో ఆపితే బతికిపోయేవాడు. ఆపలేదు.

“మోకాళ్లదాకా బురద, నుదుట మచ్చ, ఎడమ కొమ్ము చివర విరిగి ఉంది. ఇంకేం చెప్పమంటావ్?”

గవరయ్య కుడి కొమ్మండీ అని గొణిగాడు. సినిమా చూసొచ్చిన బాతులు కుడే అన్నాయి. గేదె కూడా కుడే అంది. పానకాలు ఎర్రగా చూసి, మీ కళ్లు కాకులు పొడిచాయా, ఎడమే, కావాలంటే నా తోకమీద ఒట్టు అన్నాడు.

“నువ్వు చెప్పిందే నిజం పానకాలూ,” అన్నాడు మైలడు. ‘గారు’ ఆ పూటతో పోయింది. “కర్రోడిది ఎడమ కొమ్మే. కానీ తెర వెనక కుడి ఎడమలు మారిపోతాయి. అక్కడినుంచి చూసిన ప్రతివాడికీ అది కుడి కొమ్ములాగే కనిపిస్తుంది. నువ్వొచ్చేసరికే కర్రోడు వెళ్లిపోయాడు, ఇక ఎడమన కనబడేది పోస్టరులోనే. నా బండి తడికమీద పోస్టరు చూశావు, సినిమా చూడలేదు. నా ఒక్క పూటా ఎందుకు తిన్నావు?”

నక్క నోట్లో మురుకు నోట్లోనే ఉండిపోయింది. ఇంతకాలం నోరు మూసుకున్న గవరయ్య బూడిదకుప్ప దగ్గరికెళ్లి, వెనక్కి తిరిగి, ఒక్క తన్ను తన్నాడు. బూడిద లేచింది. అది సద్దుమణిగాక చూస్తే కుప్పమీద ఎవరూ లేరు.

అందరూ మెచ్చుకుంటున్నా మైలడు మాత్రం తలెత్తలేదు. పెట్టె వెళ్లిపోయింది, గెలిచినా కర్రోడు కనిపించడు. పైగా ఇంకోటి గుచ్చుకుంటోంది. వారమంతా కర్రోడి బొమ్మ తన వెనకే, తను లాగిన బండిమీదే ఉంది. పొద్దుపోయాక కాడి దింపగానే కొట్టానికి పోవడమే గానీ, రోజంతా లాగిన బండిని తిరిగి చూడబుద్ధయ్యేది కాదు. ఇప్పుడు దానిమీద కొత్త పోస్టరు అంటించేశారు.

సింగారమ్మ లేచింది. వెళ్లి బండి చక్రంమీద ముందుకాళ్లు పెట్టి, మంచుకి మెత్తబడ్డ కొత్త పోస్టరుని అంచునుంచి కొరకడం మొదలుపెట్టింది. హీరోని తినేసింది, హీరోయిన్ని తినేసింది, పైన తోరణం తినేసింది. కింద పాత పోస్టరు బయటపడగానే ఆగిపోయింది. మూతికి తగిలిన పిండిని కూడా నాకలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ మేక పోస్టరు ముందు నోరు కట్టుకున్నది అదొక్కసారే.

మైలడు బండి చుట్టూ తిరిగి వచ్చి నిలబడ్డాడు. మోకాళ్లదాకా బురదలో కర్రోడు. నుదుట మచ్చ. విరిగిన కొమ్ము ఎడమవైపే, ఎప్పుడూ ఉండే చోటే ఉంది. మైలడు మూతి చాచి ఆ కాగితాన్ని ఒక్కసారి నాకాడు. తర్వాత బండి కట్టేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

దూరంగా బట్టీ వెనకనుంచి పానకాలు ఆ పోస్టరులో రంగులేం బాగోలేవని అరిచాడు. ఒక్కరూ తల తిప్పలేదు.

చూడనివాడి మాట విని చూడాల్సింది మానుకున్నారో, ఆ ఆట మీకోసం మళ్లీ ఆడరు.