పడవలో ఎందుకు నిలబడరాదు?

త్రిమూర్తులు మేష్టారికి ఏటా ఒకటే బాధ. గురుపూజకి గోదావరి పాయ దాటి నది నడుమనున్న లంకకి వెళ్లేటప్పుడు గురువు వీరదాసు గారు పడవ అడుగున కూర్చుంటారు. శిష్యులు బల్లల మీద కూర్చుంటారు.

వాళ్ల గురుపరంపరలో ఒక కట్టుబాటు ఉంది. గురువు కంటే ఎత్తున శిష్యుడు ఉండకూడదు. గురువు అరుగు మీద కూర్చుంటే శిష్యులు నేల మీద కూర్చుంటారు. ఆయన నేల మీద ఒరిగితే వీళ్లు మెట్టు దిగి వాకిట్లో కూర్చుంటారు. ఒడ్డున ఇంత నిష్ఠగా సాగే కట్టుబాటు నీళ్ల మీదికి వచ్చేసరికి తలకిందులయ్యేది. వీరదాసు గారు పడవ ఎక్కగానే నేరుగా అడుగుకి దిగిపోయేవారు. ఊట నీళ్లకి పంచె తడుస్తున్నా లెక్కచేసేవారు కాదు. శిష్యులూ దిగబోతే, బల్లల మీదే ఉండమనేవారు.

"అదేమిటండీ" అని ఎవరైనా అడిగితే, "అలవాటు" అనేవారు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని సగం వయసు గడిపిన మనిషి ఆయన.

మేష్టారికి అది మింగుడుపడేది కాదు. ఆయన పెద్ద శిష్యుడు. హైస్కూల్లో సైన్సు చెబుతాడు. ఆవలి ఒడ్డున లంకవాళ్లు మేళాలతో ఎదురుచూస్తుంటే, తమ గురువు పడవ అడుగునుంచి తల మాత్రం పైకెత్తి కనిపించడం ఆయనకి తలవంపులుగా ఉండేది. ఈ ఏడు అలా జరగనివ్వకూడదని పట్టుబట్టాడు.

గురుపూజకి ముందురోజు వీరదాసు గారు మేష్టారింట్లో దిగారు. బడి ఎదురుగానే ఉంది. భోజనమయ్యాక ఆయన వెళ్లి బడి వరండాలో కూర్చున్నారు. లోపల మేష్టారు పదో తరగతికి పాఠం చెబుతున్నాడు.

బల్ల మీద ఒక ఇటుకని నిలబెట్టి వేలితో తోశాడు. దబ్బున పడింది. అదే ఇటుకని పడుకోబెట్టి తోశాడు. జరిగింది గాని పడలేదు.

"చూశారా. వస్తువు బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్క. దాన్నే గరిమనాభి అంటాం. అది ఎంత కింద ఉంటే వస్తువు అంత నిలకడగా ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, పడవలో ఎందుకు నిలబడరాదు?"

"నిలబడితే గరిమనాభి పైకి పోతుంది. కొద్దిగా ఒరిగినా పడవ తిరగబడుతుంది" అని పిల్లలంతా ఒక్క గొంతుతో అప్పజెప్పారు.

మేష్టారు బయటికి రాగానే వీరదాసు గారు అడిగారు. "అందరికీ వచ్చేసిందా ఆ జవాబు?"

"ఏటా పరీక్షలో వచ్చే ప్రశ్నండీ. దానికి తప్పు రాసేవాడు ఉండడు."

"మంచిది" అన్నారు గురువుగారు.

మర్నాడు పొద్దున్నే మేష్టారు రేవులో ఉన్నాడు. పడవ అంచుల మీద అడ్డంగా రెండు పలకలు వేయించి, వాటి మీద తన ఇంట్లోని చేతుల కుర్చీని తాళ్లతో బిగించాడు. కుర్చీకి బంతిపూల దండలు చుట్టాడు. గురువుగారికి పట్టడానికి పొడుగాటి కాడ ఉన్న గొడుగు తెచ్చుకున్నాడు. ఎర్ర సిల్కుగుడ్డ, చుట్టూ జరీ కుచ్చులు.

పడవ నడిపే పోలయ్య అటూ ఇటూ చూసి మెల్లిగా అన్నాడు. "పాయ మధ్యలో గాలుంటదండి."

"గురువుగారికి లేని భయం నీకేమిటి పోలయ్యా? గోదారి మీద పుట్టానంటావు, ఇదేనా నీ ధైర్యం?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పోలయ్య కూడా నవ్వేసి పడవ తోసే గెడ అందుకున్నాడు.

మేష్టారి కూతురు మంగతాయారు చంటిబిడ్డతో వచ్చింది. బిడ్డకి గురువుగారు ఆ రోజే లంకలో పేరు పెట్టాలి. ఆమె కుర్చీని చూసింది, గొడుగుని చూసింది.

"నాన్నా, నువ్వెక్కడ కూర్చుంటావు?"

"నేను కూర్చోవడమేమిటి? గొడుగు పట్టొద్దూ?"

"పడవలో నిలబడకూడదని నువ్వే కదా చెప్పేవాడివి మాకు."

"అది పరీక్షకమ్మా. ఇది గురుసేవ" అన్నాడు మేష్టారు.

వీరదాసు గారు వచ్చి, అలవాటుగా అడుగుకి దిగబోయారు. మేష్టారు రెండు చేతులూ జోడించి అడ్డం నిలబడ్డాడు. వద్దన్నారాయన. మేష్టారు కాళ్లు పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. గురువుగారు ఒక్క క్షణం కుర్చీ వంక చూసి, ఎక్కి కూర్చున్నారు. శిష్యులు బల్లల మీద సర్దుకున్నారు. మేష్టారు వెనక నిలబడి గొడుగు విప్పాడు. పడవ కదిలింది.

కొంతదూరం అంతా సుఖంగానే సాగింది. ఆవలి ఒడ్డున మేళం మొదలైంది. లంకవాళ్లు చేతులెత్తి చూపించుకోవడం కనిపిస్తోంది. మేష్టారు గొడుగుని ఇంకాస్త పైకెత్తాడు.

అప్పుడు పాయ మధ్యలో గాలి తగిలింది.

పెద్ద గాలి కాదు. అడుగున కూర్చున్నవాడి జుట్టు కూడా చెదిరేది కాదేమో. కాని గొడుగు తెరచాపలా ఉబ్బింది. మేష్టారు దానితోపాటు పక్కకి వాలాడు. ఆయన వాలేసరికి పడవ ఒరిగింది. పడవ ఒరిగేసరికి కుర్చీలో గురువుగారు ఒరిగారు. ఆ బరువుకి పడవ ఇంకా ఒరిగింది. ఎడమవైపు అంచు నీళ్లని ముద్దాడింది. గోదావరి నిశ్శబ్దంగా లోపలికి వచ్చింది.

మంగతాయారు బల్ల మీదనుంచి జారింది. ఒక చేత్తో అంచు పట్టుకుంది. రెండో చేత్తో బిడ్డని నీళ్లకి అందకుండా పైకెత్తింది. బిడ్డ పాదాలు గోదావరి మీద వేలాడుతున్నాయి.

పోలయ్య గెడ వేసి ఆపాడు. పడవ ఇటు లేచి అటు ఒరిగింది. మళ్లీ ఇటు. జనం లేవబోయారు. ఆ క్షణంలో ఇంకొక్కరు లేచి ఉంటే ఈ కథ చెప్పుకోవడానికి ఎవరూ మిగిలేవారు కాదు.

లేవకముందే గురువుగారు కుర్చీలోంచి జారిపోయారు.

పడిపోయారనుకున్నారు అందరూ. ఆయన పడవ అడుగున, మురికి నీళ్లలో, వెల్లకిలా పడుకున్నారు. చేతులు పక్కన చాపుకున్నారు. తెల్ల పంచె బురద రంగు తేలింది. మొహం పైకి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఎప్పటిలా బల్లల మీదే ఉండమని ఎవరితోనూ అనలేదు.

ముందు బల్ల మీద కూర్చున్న సూరమ్మ అనే ముసలామె వంగి ఆయన వంక చూసింది.

"అయ్యగారు కిందున్నారు" అంది.

ఆ మాట అంటూనే బల్ల మీదనుంచి అడుగుకి జారింది. ఆమె పక్కనున్నవాడు జారాడు. ఆ వెనకవాళ్లు దిగారు. గురువు కంటే ఎత్తున ఉండకూడదన్న కట్టుబాటు వాళ్ల ఎముకల్లో ఉంది. ఆలోచించి చేసిన పని కాదు. బల్లలన్నీ ఖాళీ అయ్యాయి. మంగతాయారు బిడ్డని గుండెలకి అదుముకుని గురువుగారి పక్కనే నీళ్లలో చతికిలబడింది. జనమంతా అడుగున ఒదిగి, ఆయన ఎత్తుకి రావడానికి వీపులు వంచారు.

పడవ ఒకసారి ఊగింది. ఇంకోసారి కొంచెం తక్కువగా ఊగింది. తర్వాత నిలదొక్కుకుంది.

గురువుగారు పడుకున్నచోటునుంచే పైకి చూశారు.

"మేష్టారూ, నువ్వింకా నిలబడే ఉన్నావు."

అప్పుడు త్రిమూర్తులు మేష్టారు తన చేతుల వంక చూసుకున్నాడు. రెండు చేతులూ గొడుగు కాడ మీదే ఉన్నాయి. మనవడి పాదాలు నీళ్ల మీద వేలాడినప్పుడూ అక్కడే ఉన్నాయి. వేళ్లు విప్పుదామంటే రాలేదు. కూతురు తన వంక చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండునని అనిపించింది ఆయనకి.

గాలే ఆ గొడుగుని లాక్కుపోయింది. అది తలకిందులై, జరీ కుచ్చులు తడుపుకుంటూ, సముద్రం దిక్కుగా సాగిపోయింది. మేష్టారు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

లంక ఒడ్డున మేళం తనంత తానే ఆగిపోయింది. కుర్చీ ఖాళీగా వచ్చింది. పడవలో మనిషన్నవాడు కనిపించలేదు, పోలయ్య తప్ప. అతను కూడా వంగి, మోకాళ్ల మీద కూర్చుని గెడ వేస్తున్నాడు. లంకవాళ్లు మొలలోతు నీళ్లలోకి పరుగెత్తుకొచ్చి పడవని లాగారు.

గురువుగారు ఒడ్డెక్కి ఇసుకలో కూర్చున్నారు. పందిట్లో ఎత్తుపీట వేసి ఉందని లంకవాళ్లు రమ్మన్నారు. వినిపించుకోలేదు. బిడ్డని తెమ్మని, తడి ఒళ్లోకి తీసుకుని, చెవిలో పేరు చెప్పి తల్లికిచ్చేశారు.

మేష్టారు దూరంగా నిలబడలేదు, దగ్గరికి రాలేదు. ఇసుకలో సాష్టాంగపడి ఉండిపోయాడు.

"తెలియక చేసింది కాదండీ. తెలిసే చేశాను" అన్నాడు. "శిక్ష చెప్పండి."

"శిక్షంటే ఇద్దరికీ పడాలి."

"మీరేం చేశారు గురువుగారూ?"

"నువ్వు బతిమాలితే ఎక్కానని అందరూ అనుకుంటున్నారు. నువ్వూ అనుకుంటున్నావు." వీరదాసు గారు పంచె కొస పిండుకున్నారు. "పైన కూర్చుంటే నాకు బాగానే ఉంది త్రిమూర్తులూ. ఒడ్డున జనం కనిపించారు. మేళం వినిపించింది. చల్లగాలి. అంత పైకి పోయాను గనకే, అంత కిందికి రావలసి వచ్చింది."

గురుపూజ జరిగింది. ఎత్తుపీట మీద దీపం పెట్టారు. మనుషులెవరూ ఎక్కలేదు.

పొద్దు వాలకముందే తిరుగుప్రయాణం. కుర్చీ లంకలోనే ఉండిపోయింది. ఎవరూ ఏమీ చెప్పుకోలేదు గాని, పడవ ఎక్కినవాళ్లు ఎక్కినట్టే అడుగుకి దిగారు. మోకాలికి మోకాలు తగిలేంత ఇరుకు. బల్లలు బోసిగా ఉన్నాయి. గురువుగారు ఎప్పటి చోటే కూర్చున్నారు. మేష్టారు ఆయన పాదాల దగ్గర ఊట నీళ్లలో కూర్చుని, కొబ్బరిచిప్పతో నీళ్లు తోడుతున్నాడు.

పాయ మధ్యలో పొద్దుటి గాలే మళ్లీ తగిలింది. తలల మీదుగా వెళ్లిపోయింది. పడవ తన దారిన తను సాగింది.

మంగతాయారు బిడ్డని తండ్రి ఒళ్లో పెట్టింది. మేష్టారు చిప్ప వదిలేశాడు. రెండు చేతులతో బిడ్డని పట్టుకున్నాడు.

"మేష్టారూ" అన్నారు వీరదాసు గారు. "పడవలో ఎందుకు నిలబడరాదు?"

మేష్టారు నోరు తెరిచాడు. ఏటేటా నల్లబల్ల ముందు నిలబడి చెప్పిన జవాబు. నిద్రలో లేపి అడిగినా చెప్పగల జవాబు.

అది బయటికి రాలేదు. బిడ్డ పాదాలు రెండూ అరచేతుల్లోకి తీసుకుని, ఆయన తల ఇంకా కిందికి వంచాడు.