వరసల మధ్య ఎడం

హేరంబుడికి అక్షరాలంటేనే అసహ్యం పుట్టింది.

గుహానంద స్వామి ఆశ్రమంలో సాయంత్రం పాడుకునే స్తోత్రాలన్నీ చిన్న పుస్తకంగా వేయించాలనుకున్నారు. ఆ పని ఆశ్రమ శిష్యుడు హేరంబుడు తనంతట తనే నెత్తికెత్తుకున్నాడు. దొరికిన ఫాంటునల్లా కంప్యూటర్లోకి దింపుకున్నాడు. ఏదో ఇంగ్లీషు పుస్తకంలో చూసిన అచ్చు నియమాలు కాగితం మీద రాసి గోడకు అంటించాడు. వరసకూ వరసకూ మధ్య ఎంత ఖాళీ వదలాలో కూడా అందులో ఉంది.

నిన్న సాయంత్రం నమూనా ప్రతులు పంచితే పరువు పోయింది. పైవరస వత్తులు కిందికి దిగి కిందివరస గుడుల్లో ఇరుక్కున్నాయి. రెండో చరణానికే గొంతులు తడబడ్డాయి, ఆ తర్వాత మందిరమంతా మూగపోయింది. రోజూ పాడటానికి వచ్చే పెద్దావిడ రుద్రమ్మగారు కళ్ళజోడు తుడుచుకుని, "నాకే కనబడటం లేదేమోలే" అంటూ పుస్తకం మూసేశారు. తిట్టినా బాగుండేది.

పొద్దుట్నుంచీ ఫాంటు మీద ఫాంటు మార్చాడు. ఏది పెట్టినా అదే తంతు. రేపు పుస్తకం ప్రెస్సుకు వెళ్ళాలి.

భోజనాల వేళకు స్వామి దగ్గరికి విసురుగా వెళ్ళాడు. "నావల్ల కాదు స్వామీ, ఇంకెవరికైనా అప్పగించండి. నేను నియమం వెంట్రుకవాసి తప్పలేదు. తప్పంతా ఈ లిపిది! పైన గుడులట, కింద వత్తులట. ఒక్కటీ చెప్పినచోట ఉండి చావదు."

స్వామి కోప్పడలేదు. "ఇవాళ విస్తళ్ళు నువ్వు వెయ్యి. వరసకూ వరసకూ మధ్య మూరెడే ఎడం. అంతకు మించొద్దు" అన్నారు.

ఆ చిరాకులోనే హేరంబుడు కొలిచి మరీ వేశాడు. జనం వచ్చి ఎలాగో ఇరుక్కుని కూర్చున్నారు. ముందువాళ్ళ కొంగులు వెనకవాళ్ళ పచ్చడిలో పడ్డాయి. వెనకవాళ్ళ మోకాళ్ళు ముందువాళ్ళ వీపుల్లో పొడిచాయి. పప్పు బాల్చీ కూడా స్వామి అతని చేతికే ఇప్పించారు. రెండడుగులు వేశాడో లేదో, రుద్రమ్మగారు కెవ్వుమన్నారు.

"కాలు తొక్కావయ్యా! ఈ మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోమంటావు?"

స్వామి తన పీట మీంచి అన్నారు. "నియమం తప్పలేదు కదా నాయనా. మోకాళ్ళు ఇంటిదగ్గర పెట్టి రమ్మందామా?"

హేరంబుడు బాల్చీ కింద పెట్టాడు.

"లేవండమ్మా, కాస్త లేవండి. వరసలు జరుపుతాను."

భోజనాలయ్యాక కంప్యూటర్ గదిలోకి వెళ్ళాడు. ఫాంటు మార్చలేదు. గోడ మీది కాగితమూ పీకెయ్యలేదు, అందులో వరసల ఎడం అంకె ఒక్కటి మాత్రం కొట్టేసి పెద్దది వేశాడు.

సాయంత్రం కొత్త ప్రతులు పంచారు. స్తోత్రం ఎక్కడా ఆగలేదు. అందరికన్నా ముందు రుద్రమ్మగారి గొంతే వినబడింది.

స్వామి తన ప్రతిని చేత్తో తూచి చూశారు.

"పుస్తకం లావైందే?"

"అవును స్వామీ" అన్నాడు హేరంబుడు. "వత్తులతో సహా అందరూ కూర్చున్నారు."