మూడు వందలు పట్టని గడి

అనగనగా ఒక రాజు, ఆ రాజుగారికొక కంప్యూటరు. రాజుకి కంప్యూటరేమిటని అడక్కండి. ఉందంటే ఉంది, అంతే.

రాజు పేరు ధవళకీర్తి. ఏటికి వరద వచ్చినప్పుడల్లా ఊళ్ళు ఖాళీ చేయించి, జనాన్ని శిబిరంలో ఉంచి అన్నం పెట్టించేవాడు. గేటు దగ్గర ఒక ప్రోగ్రాము వచ్చినవాళ్ళను లెక్కపెట్టేది. ఆ లెక్క వంటశాల ప్రోగ్రాముకి వెళితే, అది చీటీ అచ్చువేసేది. చీటీలో ఎంతమంది అని ఉంటే అంతమందికే వంట. అది అక్కడి ఆచారం. మహా గొప్ప ఆచారం లెండి.

చిక్కల్లా ఏమిటంటే, గేటు ప్రోగ్రాములో అంకె దాచుకునే గడి పెద్దది, లక్షలైనా పడతాయి. వంటశాలదేమో చిన్నది. రెండు వందల యాభై అయిదు వరకే పడుతుంది, రెండు వందల యాభై ఆరు వస్తే మళ్ళీ సున్నా నుంచి మొదలు. దాటిందని ఎవరికీ చెప్పదు కూడా.

ఈ సంగతి కనిపెట్టింది ఆ ప్రోగ్రాములు చూసుకునే వకుళ. మంత్రి భద్రముఖుడి దగ్గరికి వెళ్ళి, "అయ్యా, అంకెను చిన్న గడిలో వేసేముందు పడుతుందో లేదో చూసేలా నాలుగు వాక్యాలు రాస్తాను" అంది.

"మన శిబిరానికి ఎన్నడూ రెండు వందల మంది దాటలేదమ్మా" అన్నాడు మంత్రి.

మరుసటి ఏడు మళ్ళీ అడిగింది. "పదిమందితో పరీక్షించాం, బాగానే ఉందిగా" అన్నాడు. పదిమందితోనట, విన్నారా?

మూడోసారి అడిగితే, "నీకు వేరే పని లేదా తల్లీ" అన్నాడు. ఇలాంటివాళ్ళకి ఏం చెప్పగలం?

ఆ ఏడు ఏరు పొంగి మూడు ఊళ్ళు మునిగాయి. మూడు వందల మంది శిబిరం చేరారు. ముందురోజు నుంచి వాళ్ళ నోట్లో మెతుకు పడలేదు. చీటీలో మాత్రం నలభై నాలుగని వచ్చింది. తక్కిన రెండు వందల యాభై ఆరు గాలికి పోయాయి.

వంటల పెద్ద పుండరీకం బారులు తీరిన జనాన్ని చూశాడు, చీటీ చూశాడు, నలభై నలుగురికే వండాడు. కళ్ళుండి ఏం లాభం?

నలభై అయిదో విస్తరి ముందు చంటిపిల్లతో ఒక తల్లి కూర్చుంది. "నా సంగతి సరే, దీనికైనా గుప్పెడు పెట్టండి బాబూ" అంది.

"చీటీలో లేదమ్మా" అన్నాడు పుండరీకం.

ఆ మాట రాజు చెవిన పడింది. వకుళను పిలిచి సంగతంతా విన్నాడు. ఆ నాలుగు వాక్యాలూ అప్పటికప్పుడే రాయించి, లెక్క మళ్ళీ పంపించాడు. వంటశాల తెర మీద "మూడు వందలు నాలో పట్టవు, మనిషిని పిలవండి" అని వచ్చి ప్రోగ్రాము ఆగిపోయింది.

"చూశారా ప్రభూ, నడిచేదాన్ని కాస్తా ఆపేసింది" అన్నాడు మంత్రి.

"ఆగింది కాబట్టే తప్పు తెలిసింది. ఇందాక ఆగలేదు, అందుకే వీళ్ళు పస్తున్నారు" అంది వకుళ.

రాజు అసలు లెక్క పుండరీకానికి తానే చెప్పి పొయ్యిలన్నీ వెలిగించమన్నాడు. గరిటె మంత్రి చేతికిచ్చి, అన్నం ఎందుకు ఆలస్యమైందో ప్రతి విస్తరి దగ్గరా తన నోటితోనే చెప్పమన్నాడు. వకుళ చిన్న గడిని పెద్దది చేసింది, ఆ నాలుగు వాక్యాలు మాత్రం తీయలేదు.

మంత్రి మొదట ఆ తల్లికే వడ్డించి సంగతి చెప్పాడు. ఆవిడ పిల్ల నోట్లో ముద్ద పెడుతూ, "ఆ అమ్మాయి మూడుసార్లు చెప్పినా వినలేదా నాయనా?" అని అడిగింది. మంత్రి గరిటె పట్టుకుని పక్క విస్తరి దగ్గరికి జరిగాడు. ఇంకా రెండు వందల యాభై అయిదు విస్తళ్ళు ఉన్నాయి.

కాబట్టి పిల్లలూ, పెద్దదాన్ని చిన్నదాంట్లో వేసేముందు పడుతుందో లేదో చూడాలి, పట్టకపోతే పట్టదని నోరు విప్పి చెప్పాలి.