రెండు గడియారాలు, ఒకే టైము

ఆ మధ్యాహ్నం ఫణిభూషణ్ మెట్లు ఎక్కలేదు, తేలుతూ వచ్చాడు. చేతిలో రిపోర్టు. నాలుగింటి బస్సులో తీసుకెళ్లి సాయంత్రంలోగా పైఆఫీసులో ఇస్తే, కొత్త బీపీ మాత్ర మనుషుల నోట్లోకి చేరుతుంది. ఇతగాడి పేరు పేపర్ల నోట్లోకి చేరుతుంది.

ల్యాబ్‌కి పెద్దదిక్కు హైమవతి మేడం. ఆగిపోయిన గోడగడియారానికి కొత్త బ్యాటరీ వేస్తున్నారు.

“మేడం, మాత్ర గుండెనేం చెయ్యదు. ఇద్దరు సాక్షులు! రక్తం నుంచి తయారుచేసిన మూలకణాలతో మనం పెంచిన గుండెకణాలు, మందు పోసినా గిన్నెలో హాయిగా కొట్టుకున్నాయి. నేను కంప్యూటర్లో కట్టిన గుండె కూడా అదే మాటంది. ఈ రెండిట్లో ఏది నమ్మాలని ఊళ్లో అందరూ కొట్టుకు చస్తారా, మన దగ్గర వియ్యంకుల్లా కలిసిపోయాయి.”

“ఆ కంప్యూటర్‌కి గుండె కొట్టుకోవడం ఎవరు నేర్పారు?”

“మన గిన్నెలో కణాలే మేడం. వాటి లెక్కలే దానికి పోశాను.”

“ఆ కణాలెవరివి?”

ఫణి కాస్త సిగ్గుపడ్డాడు. “నావే. రక్తమిస్తానన్నవాడు రాలేదు. సూదంటే నాకు చచ్చేంత భయమే అయినా, సైన్సు కోసం...”

మేడం తన చేతిగడియారం చూసి, గోడగడియారం ముల్లు తిప్పి, మేకుకు తగిలించారు.

“టైమెంతయ్యా?”

“మూడున్నర.”

“నా చేతిదాంట్లో?”

“అదీ మూడున్నరే.”

“అయితే నాలుగింటి బస్సుకి బోలెడు టైముంది. కూర్చో, టీ తాగుదాం.”

కూర్చున్నాడు. రెండో గుక్కకే కింద హారన్ మోగింది. ఫణి కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. నాలుగింటి బస్సు గేటు దాటిపోతోంది.

మేడం చేతిగడియారం అరగంట వెనక నడుస్తుందని ల్యాబ్‌లో తెలియనివాళ్లు లేరు. దాన్ని చూసి నవ్వేవాళ్లలో అందరికంటే ముందుండేది ఫణే.

“మేడం! బస్సు...”

“అదేంటి, ఇద్దరు సాక్షులు చెప్పారుగా,” అని ఆవిడ మరో గుక్క తాగారు.

ఫణి రిపోర్టు వంక చూశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. తేలుతూ వచ్చినవాడు ఒక్కో మెట్టూ దిగి వెళ్లాడు.

గేటు దగ్గర సెక్యూరిటీ ఓబులేసు కుర్చీలోంచి లేచాడు. “బస్సెళ్లిపోయింది సార్.”

“పోనీలే బాబాయ్. మా ప్రయోగానికి నువ్వు కాస్త రక్తమిస్తావా?”

“నా రక్తమెందుకు పనికొస్తుంది సార్! నాకు బీపీ. పైగా గుండెదడ.”

ఫణి అతని పక్కన మెట్టు మీద చతికిలబడ్డాడు.

“అందుకే అడుగుతున్నా.”