అయ్యో మీట

మందారగిరిని ఏలే చిత్రాంగదరాయలవారికి పట్టుదల ఎక్కువ, ఓపిక తక్కువ. ఏ కోపం వచ్చినా సరిగ్గా భోజనానికి ముందే వస్తుంది. ఆ రోజు కూడా వంటశాలలో పోపు చిటపటలాడే వేళకే ఒక ఉత్తరం కొలువుకు చేరింది. రాసింది పొరుగు రాజు, అంటే రాణిగారి అన్న.

"బావగారూ, నా కొత్త మెడ చూడాలని ఉందని రాశారు. మా దగ్గర పాత మెడే ఉంది. దాన్ని చూడ్డానికి ఉత్త చేతులతో వస్తున్నారా, కత్తి కూడా తెస్తున్నారా?"

రాయలవారు తెల్లబోయారు. ఆయన రాయమన్నది కొత్త మేడ గురించి. బావగారు ఏడంతస్తుల మేడ కట్టుకున్నారని విని, చూసొద్దామని ముచ్చటపడ్డారు. మేడ కాస్తా మెడ అయి కూర్చుంది. రాణిగారు అప్పటికే అలిగి తలుపేసుకున్నారు.

ఈ ఘనకార్యం ఎవరిదని రాయలవారు అడిగితే, అందరి చూపులూ ముసలి లేఖకుడు లింగన్న మీద పడ్డాయి.

పాపం లింగన్న ముప్పై ఏళ్లు గంటంతో రాశాడు. ఒక్క మేడనీ మెడ చెయ్యలేదు. నెల కిందట ఆస్థాన పండితుడు శేషావధానిగారు రాతపెట్టె అనే యంత్రం తయారుచేసి అతని ముందు పెట్టించారు. అక్షరాలు నొక్కితే చాలు, పెట్టె వాటిని పేర్చి, అచ్చేసి, మడిచి, రాజముద్ర కూడా తనే వేసేస్తుంది. అక్షరం లావుగా రావాలా సన్నగా రావాలా, వరసలు ఇరుకా వెడల్పా అని చెప్పుకోవడానికి పక్కన మూడు వందల అరవై మీటలు. మీటకో సంస్కృత సమాసం. అవి చదివేసరికే లింగన్నకి దాహం వేసేది.

జరిగిందేమిటో లింగన్న చెప్పాడు. ఉత్తరం మరీ దీర్ఘంగా ఉంది, తగ్గించమని ప్రభువే సెలవిచ్చారు. వెతగ్గా వెతగ్గా 'దీర్ఘ సంక్షేపిణి' అనే మీట కనబడింది. బతికానురా అనుకుని లాగేశాడు.

అది ఉత్తరం పొడుగు తగ్గించే మీట కాదు. అక్షరాలకున్న దీర్ఘాలు పీకేసే మీట. "బావగారూ, మీ కొత్త మేడ చూడాలని ఉంది" అన్నది "బవగరు, మి కొత్త మెడ చుడలని ఉంది" అయిపోయి, ముద్ర వేయించుకుని, గుర్రమెక్కి వెళ్లిపోయింది.

అవధానిగారు మీసం దువ్వుకున్నారు. యంత్రంలో లోపం లేదనీ, లోపమంతా లింగన్న చదువులోనే ఉందనీ తేల్చేశారు. పేర్లు కాస్త తేలిగ్గా రాయండి బాబూ అని మొన్న లింగన్న బతిమాలితే, అక్షరమ్ముక్క రానివాడివని తిట్టి పంపిందీ ఈయనే. నాకైతే తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది.

ఆకలి మీదున్న రాయలవారు తీర్పు చెప్పేశారు. లింగన్న కొలువు ఈ పూటతో సరి. తప్పు మీటలదేనని భోజనాలు ముగిసి తాంబూలం నమిలేలోగా ఎవరైనా రుజువు చేస్తే సరేసరి, లేకపోతే అతను మూట సర్దుకోవాలి. ఆ వయసులో ఇంకో కొలువు ఎవరిస్తారు? లింగన్న కళ్లలో నీళ్లు తిరిగాయి.

రాజుగారికి ఆకువక్క అందించే ఓబులక్క ఇదంతా విని, వంటశాలకి పరిగెత్తింది.

భోజనాలయ్యాయి. తాంబూలం పడందే అవధానిగారికి నాలిక మెదలదు. ఓబులక్క ఆయన ముందు పెద్ద చెక్కపెట్టె దింపింది. అందులో అరవై గదులు, అరవై మూతలు, మూతకో పేరు.

తమ యంత్రం చూసి బుద్ధి తెచ్చుకున్నానంది. ఇన్నాళ్లూ ఆకు, వక్క, సున్నం ముందు పెట్టి, ఎప్పుడో వాడే లవంగం, జాపత్రి వెనక్కి నెట్టేదట. అదంతా మొరటు పద్ధతట. అవధానిగారు పొంగిపోయారు.

'హరిత పత్రం' మూత తీశారు. కరివేపాకు. దగ్గి మూసేశారు. 'బృహత్ పత్రం' తీశారు. అరిటాకు ముక్క. మూడోసారికి తమలపాకు దొరికింది. 'కఠిన ఖండిక'లో వక్క ఉంటుందనుకుంటే చింతగింజలున్నాయి. సభలో కిచకిచలు మొదలయ్యాయి. అర్థం కాలేదని ఒప్పుకుంటే పరువేం కావాలి? 'ధవళ లేపనం' తీసి, తెల్లటి ముద్ద కనబడగానే సున్నమనుకుని ఆకుకి దట్టంగా రాసి నోట్లో కుక్కుకున్నారు.

అది నూరిన ముల్లంగి. ఆయన కళ్లమ్మటా ముక్కమ్మటా నీళ్లు కారాయి.

"సున్నం ఏదే?"

"'రాగజనని' అనే గదిలో ఉంది స్వామీ. నోరు ఎర్రగా పండించేది అదే కదా."

"రాగజనని అంటే సున్నమని ఎవడికి తెలుస్తుంది? మూత మీద తిన్నగా సున్నం అని రాస్తే నీ సొమ్మేం పోయింది?"

ఓబులక్క చేతులు కట్టుకుంది.

"నాదేం పోలేదు స్వామీ. ఇదే మాట లింగన్న అడిగితే మీరు వినలేదు, అతని కొలువు పోయింది."

రాయలవారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుకి రాణిగారు తలుపు తీసి, విషయం విని, తానూ పడీపడీ నవ్వారు. మీటల మీద పేర్లన్నీ వాడుక తెలుగులో రాయాలనీ, రోజూ వాడే పది ఓబులక్క పాత పెట్టెలోలాగా ముందుండాలనీ అవధానిగారికి ఆజ్ఞ అయింది. రాయలవారు మెళ్లో ముత్యాల హారం తీసి ఓబులక్క పళ్లెంలో వేసి, ఇంకేమైనా కోరుకోమన్నారు.

ఇంకొక్క మీట చేయించమంది ఓబులక్క. చేసిన పని చెడినప్పుడు దాన్ని లాగితే, అంతా మునుపున్నట్టే వచ్చెయ్యాలట.

"దానికేం పేరు పెడదాం?"

"అలాంటప్పుడు ఎవరైనా అనేది ఒకటే మాట కదా ప్రభూ. 'అయ్యో'."

అది తయారయ్యేదాకా ఆగడమెందుకన్నారు రాయలవారు. లింగన్న వైపు తిరిగి, గాల్లోకి చెయ్యి చాపి, మీట లాగినట్టు లాగారు.

"అయ్యో."

లింగన్న కొలువు ఎక్కడిదక్కడికి వచ్చేసింది. సభ నవ్వుతో ఊగిపోతుంటే, అవధానిగారు నోరు చేత్తో మూసుకుని, ఆ మీటేదో ముందు తన ముల్లంగికి లాగమని సైగలు చేశారు.