వెనక్కి నడిచిన ఇనుప కొంగ

అనగనగా అంటే ఎప్పుడో జరిగిపోయిందని కాదు కన్నా. ఇది ఇంకా రాని కాలం కథ. ఆ కాలానికి నువ్వు నా అంత అవుతావు. అప్పుడు గోదారి పాయ పక్కన, మోకాలి లోతు బురద చేల అంచున, ఒక ఇనుప కార్ఖానా ఉండేదట. ఆ కార్ఖానాలో నూకరత్నం అనే పిల్ల వెల్డింగు పని చేసేదట. అంటే ఇనుముని ఇనుముకి నిప్పుతో కుట్టే పని.

రత్నం వాళ్ళమ్మ పేరు మంగాయమ్మ. ఆవిడ ఊడ్పుల ముఠాకి పెద్ద. ఆకుమడిలో పెరిగిన వరినారు తీసి, నీళ్ళు పెట్టి దున్ని దమ్ము చేసిన చేలో గుచ్చే ఆడవాళ్ళ ముఠా అది. వాళ్ళెలా నడుస్తారో తెలుసా? వెనక్కి నడుస్తారు. నాటిన మొక్క ముందుంటుంది కదా, దాన్ని తొక్కకూడదు. అందుకని వంగి, నారు గుచ్చి, ఒక అడుగు వెనక్కి. మళ్ళీ వంగి, గుచ్చి, ఒక అడుగు వెనక్కి. రత్నం బడి సెలవుల్లో వాళ్ళమ్మ పక్కన అలాగే నడిచింది. వెనక ఏముందో తిరిగి చూడక్కర్లేదు, ఆ పిల్ల అరికాలికే తెలిసిపోయేది.

ఆ కార్ఖానాలో అరవై మంది మూడేళ్ళు కష్టపడి ఒక మర చేశారు. అబ్బ, ఏం మరనుకున్నావు! కొబ్బరిచెట్టంత ఎత్తు. రెండే కాళ్ళు, సన్నగా, పొడుగ్గా. మోకాళ్ళు మనలా ముందుకి కాదు, కొంగకి మల్లే వెనక్కి ఉంటాయి. పాదానికి మూడేసి వేళ్ళు. పైన గుండె ఉండాల్సిన చోట అద్దాల గది. అందులో మనిషి కూర్చుని రెండు తొడుగుల్లో కాళ్ళు పెట్టి అడుగేస్తే, అదీ అడుగేస్తుంది. మనిషి ఆగితే అదీ ఆగుతుంది. కిందున్న నేల మెత్తనో గట్టో కూడా ఆ తొడుగుల్లోంచి కాలికి తెలుస్తుంది. అందరూ దాన్ని ఇనుప కొంగ అనేవారు.

దాని కాళ్ళలో ప్రతి అతుకూ రత్నం వేసిందే. రోజూ పని అయ్యాక దాని మోకాలికి నూనె రాసి, గుడ్డతో తుడిచి, "వెళ్ళొస్తానే కొంగా" అని చెప్పి మరీ ఇంటికెళ్ళేది.

"దానికి తుపాకీ ఉందా అమ్మమ్మా?"

ఉంది, ఉండు. అక్కడికే వస్తున్నా.

ఒకరోజు సైన్యం నుంచి కల్నల్ విజయసింహం వచ్చాడు. మీసం మెలేసి, కొంగని పైనుంచి కిందికి చూశాడు.

"మూడు పరీక్షలు పెడతాను," అన్నాడు. "యుద్ధానికి పనికొస్తే తీసుకెళ్తాం. పనికిరాకపోతే ముక్కలు కోసి కొలిమిలో వేస్తాం."

రత్నం కొంగ కాలిని రెండు చేతులా పట్టుకుంది. మూడేళ్ళ నుంచి పెంచిన కొంగ కదమ్మా.

అప్పుడు కల్నల్ నిచ్చెనెక్కి అద్దాల గదిలోకి తొంగి చూశాడు. సీటు పక్కన ఒక ఎర్ర మీట కనిపించింది.

"ఇదేంటి?"

"కిందికి లాగితే కొంగ వెనక్కి నడుస్తుందండి," అంది రత్నం.

"వెనక్కా? మా సైన్యానికి వెనకడుగు తెలీదు! అతికెయ్ దాన్ని."

"ఎప్పుడైనా అవసరం పడుద్దేమోనండి..."

"అమ్మాయ్, నిన్ను అతకడానికి పెట్టారా, ఆలోచించడానికి పెట్టారా?"

చూశావా కన్నా, చేసిన చేతికి నోరుండకూడదంటారు కొందరు. కాల్చి అతికేది ఒకరు, పీటేసుక్కూర్చుని తీర్పు చెప్పేది ఇంకొకరు. రత్నానికి ఒళ్ళు మండిపోయింది. అయినా మీటని అతికేసింది. కాకపోతే ఎలా అతికింది? పైకి చూస్తే గట్టిగా ఉంటుంది, కింద మాత్రం నాలుగే నాలుగు అతుకు చుక్కలు. ఆ సంగతి తనకొక్కదానికే తెలుసు.

ఆ తర్వాత కల్నల్ కొంగ రొమ్ము మీద పెద్ద పెద్ద అక్షరాలతో 'వెనకడుగు లేదు' అని రాయించాడు. నడపడానికి ఒక కెప్టెన్ని కూర్చోబెట్టాడు. రత్నాన్ని కొంగ కాళ్ళు కడగమన్నాడు.

మొదటి రోజు మొదటి పరీక్ష. కొంగ మైదానంలో పరుగెత్తాలి, సైనికులు దాని మీద రంగు గుండ్లు కొట్టాలి. కొంగ ఎంత బాగా పరుగెత్తిందో! ఒక్కో అంగకి ఒక్కో వీధి దాటిపోయింది. కానీ అంత ఎత్తున్నదాన్ని ఎవరు కొట్టలేరు చెప్పు? క్షణంలో హోలీ ఆడినట్టు అయిపోయింది. "ఒకటి పోయింది," అన్నాడు కల్నల్.

రెండో రోజు రెండో పరీక్ష. కొంగ భుజం మీద ఫిరంగి బిగించి పేల్చమన్నారు. ఢాం! గుండు ముందుకెళ్ళింది, కొంగ వెనక్కెళ్ళి కూలబడింది. ఇసకలో రెండు చెరువులంత గుంటలు పడ్డాయి. సైనికులు పడీ పడీ నవ్వారు. "రెండు పోయాయి," అన్నాడు కల్నల్. ఆ సాయంత్రమే ఇనుము కోసేవాళ్ళకి కబురెళ్ళింది.

రత్నం అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయింది.

"ఏమే, ఇనుముకి ఏడుస్తావా?" అంది మంగాయమ్మ.

"నువ్వు నారుకి జ్వరమొచ్చినట్టు రోజూ ఆకుమడి చుట్టూ తిరగవేంటే అమ్మా?"

మంగాయమ్మ పప్పుగిన్నె దగ్గరికి లాక్కుంది. కూతురి కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

మూడో రోజు మూడో పరీక్ష. చేల అవతల, పాయ మధ్యలో ఒక లంక ఉంది. ముప్పై ఆరుగురు సైనికులు పొద్దున్నే పడవ మీద అక్కడికి వెళ్ళి కూర్చున్నారు. కొంగ బురద చేలల్లోంచి, పాయలో లోతు తక్కువున్న చోటు మీదుగా నడిచి, వాళ్ళకి గుండ్ల పెట్టె అందించి రావాలి. ట్యాంకు దిగబడే చోట, లారీ కూరుకుపోయే చోట కాళ్ళున్న మర ఏం చేస్తుందో చూడాలి. అదీ పరీక్ష.

కెప్టెన్ కొంగని బురదలోకి దించాడు. ఒక అడుగు, రెండు అడుగులు, పది అడుగులు. సగం దారిలో కాలు దిగబడింది. ముందుకి లాగాడు. ఇంకా దిగబడింది. గట్టిగా లాగాడు. మోకాలి దాకా పోయింది.

అప్పుడే వాన మొదలైంది. మామూలు వాన కాదు కన్నా, పైన ఎక్కడో గండి కొట్టినట్టు. చూస్తూ ఉండగానే పాయ పొంగింది. లంకలో కట్టిన పడవ తాడు తెంపుకుని కొట్టుకుపోయింది. గాలికి హెలికాప్టర్ లేవలేదు. లంకలో నీళ్ళు సైనికుల చీలమండల దాకా వచ్చాయి. వాళ్ళు వేసే కేకలు గట్టు దాకా వినిపిస్తున్నాయి. అవి విని మంగాయమ్మ ముఠా కూడా గట్టు మీదికి పరుగెత్తుకొచ్చింది.

కల్నల్ మీసం వానకి కిందికి జారిపోయింది. "ముందుకి! ముందుకి!" అని అరుస్తున్నాడు. అది తప్ప ఆయనకి ఇంకో మాట తెలీదు పాపం.

గట్టు మీదున్న రత్నం కొంగ కాలు చూసింది. దాని మోకాలు వెనక్కి ఉంది కదా, అందుకని కాలు బురదలోకి ఏటవాలుగా దిగింది. గుచ్చుకున్న సూదిని ఎలా లాగుతాం? ఏ వాలున దిగిందో ఆ వాలునే లాగుతాం. ముందుకి లాగితే బురదంతా అడ్డమొస్తుంది. వెనక్కి లాగితే జారి వచ్చేస్తుంది. నారు ఊడ్చేటప్పుడు వాళ్ళమ్మ కాలు ఎలా తీస్తుందో రత్నానికి గుర్తొచ్చింది.

ఇంకెవర్నీ అడగలేదు. తాటిదోనె తోసుకుంటూ కొంగ దాకా వెళ్ళింది. నడుముకి ఉలి, సుత్తి.

"దిగండి కెప్టెన్ గారూ!"

కెప్టెన్ ముఖం పాలిపోయి ఉంది. "నాకు ముందుకే నేర్పారమ్మా," అన్నాడు.

"మీ తప్పు కాదు లెండి. దోనె జాగ్రత్త."

అప్పుడు రత్నం నిచ్చెనెక్కి సీట్లో కూర్చుంది. ఒక దెబ్బ, రెండు దెబ్బలు, మూడు దెబ్బలు. చుక్కలు ఊడి ఎర్ర మీట చేతికొచ్చింది. తొడుగుల్లో కాళ్ళు పెట్టి కళ్ళు మూసుకుంది. కొంగ అరికాలు తన అరికాలైపోయింది. మీట లాగి, కాలు మెల్లగా వెనక్కి జార్చింది.

ప్లప్! బురద వదిలేసింది.

కొంగ వెనక్కి వెనక్కి నడిచి గట్టెక్కింది. రత్నం గుండ్ల పెట్టెని, ఫిరంగిని అక్కడ దించేయించి, ఆ చోట ధాన్యం మోసే, పన్నెండుగురు పట్టేంత పెద్ద తట్ట కట్టించింది. కొంగని లంకకి వీపు పెట్టి తిప్పింది.

"అమ్మా, గట్టు మీద కదలకుండా నిలబడు! నిన్ను చూస్తూ వెళ్తాను," అని అరిచింది. నారు ఊడ్చేవాళ్ళు వరస తప్పకుండా గట్టు మీద ఒక గుర్తు పెట్టుకుంటారు. రత్నానికి వాళ్ళమ్మ ఎర్రచీరే గుర్తు.

ఆహా, ఆ నడక చూడాలి కన్నా! అంత పెద్ద ఇనుప కొంగ, వరద నీళ్ళలో, ఒక్క నీటి చుక్క చిమ్మకుండా, తులసికోట చుట్టూ ముసలమ్మ తిరిగినట్టు నెమ్మదిగా వెనక్కి నడిచింది. లంకకి చేరి వంగి పన్నెండుగురిని తట్టలో ఎక్కించుకుంది. లంక గట్టి నేల మీద మళ్ళీ తిరిగి, గట్టుకి వీపు పెట్టింది. ఈసారి లంకలో మిగిలిన వాళ్ళే గుర్తు. అలా ఒక ట్రిప్పు అయింది. ఆ తర్వాత రెండో ట్రిప్పు.

మూడో ట్రిప్పుకి లంక మునిగిపోయింది. నడుము లోతు నీళ్ళలో చేతులు పట్టుకుని నిలబడ్డ పన్నెండుగురినీ కొంగ ఎత్తుకుంది. గట్టుకి వీపు పెట్టి చూస్తే ఎదురుగా ఏముంది? ఏమీ లేదు. మనిషి లేడు, చెట్టు లేదు, అంతా నీళ్ళే. గుర్తే లేకపోతే తిన్నగా ఎలా నడవాలి? నాలుగడుగులు పక్కకి పోతే పాయ లోతులో పడుతుంది. రత్నం ఎత్తిన అడుగు అక్కడే ఆపేసింది. తట్టలో ఒక సైనికుడు దేవుడికి మొక్కుకుంటున్నాడు.

గట్టు మీద మంగాయమ్మకి అర్థమైంది. "కళ్ళు పనిచెయ్యవే పిల్లకి. పాట ఎత్తండే!" అంది. ముఠా అంతా ఊడ్పుల పాట ఎత్తుకుంది.

"వంగవే వదినా వానొచ్చింది,
గుచ్చవే నారు చేనడిగింది,
వెయ్యవే వెనకడుగు మెత్తంగా,
పచ్చని చేను నవ్వు కొత్తంగా!"

కానీ గాలి హోరులో వాళ్ళ గొంతు సగం దారిలోనే పోతోంది. మంగాయమ్మ పక్కకి తిరిగింది.

"ఏవండీ కల్నల్ గారూ, ఆ మీసం పిండుకోవడం ఆపి మీరూ అందుకోండి. ఇన్నాళ్ళూ మైదానంలో అరిచారు కదా, ఆ గొంతు ఇప్పుడు కావాలి!"

"నాకు... నాకు పాట రాదమ్మా."

"మేం చెప్తాం, మీరు అరవండి!"

అప్పుడు కల్నల్ విజయసింహం ఛాతీ పొంగించి, కళ్ళు గట్టిగా మూసుకుని, వాన మీద ఉరిమినట్టు అరిచాడు.

"వెయ్యవే వెనకడుగు!"

ఆ కేక కొంగ దాకా వినిపించింది. రత్నం ముందు అదిరిపడింది, తర్వాత పకపకా నవ్వింది. వీపు ఆ గొంతుకి పెట్టి ఒక అడుగేసింది.

"వెయ్యవే వెనకడుగు!"

ఇంకో అడుగు. గొంతు ఎడమకి జరిగితే తనూ ఎడమకి జరిగింది. అలా పాటని తాడులా పట్టుకుని కొంగ గట్టెక్కింది. పన్నెండుగురూ దిగారు. ఆఖరివాడు దిగుతూ దాని ఇనుప మోకాలిని ముద్దు పెట్టుకున్నాడు.

ఇనుము కోసేవాళ్ళు గ్యాసు సిలిండర్లు మోసుకుని సరిగ్గా అప్పుడే వచ్చారు. ముప్పై ఆరుగురు సైనికులూ కొంగ కాళ్ళ చుట్టూ చేతులు కలిపి నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు, వాళ్ళంతట వాళ్ళే. కల్నల్ కోసేవాళ్ళని వెనక్కి పంపేశాడు.

ఆ తర్వాత తడి కాగితం మీద ఇలా రాశాడు: 'ఇది దాక్కోలేదు. ఫిరంగి మోయలేదు. కానీ ఏ మరా వెళ్ళలేని చోటికి వెళ్ళి మా వాళ్ళని తెచ్చింది. మనిషిని తిరిగి ఇంటికి తేవడం కూడా సైన్యం పనే. దీన్ని చేర్చుకుంటున్నాం. నడిపేది నూకరత్నం.'

"ఎర్ర మీట మాటో?" అంది రత్నం.

"రాశాను తల్లీ. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని రాశాను."

చేసిన చేతికే నడిపే హక్కు! గుర్తుపెట్టుకో కన్నా, ఎవరు కాదన్నా సరే.

మరుసటి ఏడు ఊడ్పుల నాటికి కల్నల్ తన సైనికులందర్నీ వెంటబెట్టుకుని మంగాయమ్మ చేలోకి వచ్చాడు, నడక నేర్చుకోవడానికి. అందరూ నిక్కర్లు పైకి మడిచి వరసగా వంగారు. కల్నల్ మూడో అడుగుకే బురదలో చతికిలబడ్డాడు.

"అయ్యో రాత! ముందు మడమ లేపండి బాబూ," అంది మంగాయమ్మ. "ఇరవై ఏళ్ళు సైన్యంలో ఏం నేర్పారో!"

గట్టు మీద ఇనుప కొంగ ఒంటికాలి మీద నిలబడి చూస్తోంది. దాని రొమ్ము మీది అక్షరాల్లో 'లేదు' అన్న సగం బురద కింద దాగిపోయింది. ఆ బురద తుడవమని ఎవరూ రత్నానికి చెప్పలేదు, రత్నమూ తుడవలేదు.

అడుగడుగున వెనక్కి కొంగ గట్టెక్కింది,
అది చూసి పెద్ద ఫిరంగి తల వంచి మొక్కింది,
కథేమో కంచికి పోయే బండెక్కింది,
కన్నా, మన కంటికి నిద్ర దక్కింది.